వెనక గదిలో ఉన్న అబ్బాయి

ఎస్తేరమ్మా,

లోపలికి రాగానే గడియ పెట్టు. వెనక గదిలో ఒక అబ్బాయి పడుకుని ఉన్నాడు, చూసి కేక వెయ్యకు. పేరు రాజలింగం, యూనివర్సిటీలో చదువుతున్నాడు. పొద్దున తెలంగాణ ఊరేగింపును పోలీసులు తరిమితే వచ్చి మన తలుపు కొట్టాడు. తల పగిలింది. నా పాత చీర చింపి కట్టు కట్టాను. ఆస్పత్రికి తీసుకుపోదామంటే తార్నాక రోడ్డంతా పోలీసులే. జావ కాచి ఉంచాను, లేచాక ఇవ్వు. నా గొంతు వినబడితేనే తలుపు తియ్యి.

"పెద్దమ్మా, నేను బతికే ఉన్న అని మా అమ్మకు చెప్పు" అని ఏడ్చాడు. అందుకే వాళ్లమ్మ ఉండే మెట్టుగూడ పోతున్నాను. కర్ఫ్యూ పెట్టేలోపు వస్తాను.

నీకు కోపం వస్తుందని తెలుసు. మొన్న నీ ఆఫీసు గేటు దగ్గర నిన్ను "మీ గుంటూరుకు పో" అన్నవాళ్లలో ఇతనూ ఉన్నాడేమో, నేను అడగలేదు. రజాకార్ల కాలంలో, తాండూరు పక్క పల్లెలో మీ మామగారు పాస్టరుగా ఉన్నప్పుడు, ఒకసారి ఎవరో ఇట్లాగే తలుపు కొట్టారు. నేను గడియ పట్టుకుని "తియ్యకుండ్రి అయ్యగారూ" అన్నాను. ఆయన నవ్వి "ఇది మన ఇల్లా ఏంది? మెథడిస్టు మిషనోళ్లది. తియ్యి" అన్నారు. ఆయన పోయారు గాని ఆ భయం నన్ను వదల్లేదు. ఇవాళ కూడా గడియ పట్టుకుని, ఆయన మాట తలుచుకున్నాకే తీశాను.

ఇంకొక్క మాట. ఇల్లు నీదే అయినా, ఎవరిల్లని అతను అడిగితే నాదని చెప్పాను. నేను వచ్చేదాకా అతనితో మాట్లాడకు తల్లీ. నీ గుంటూరు మాట విని భయపడి బయటికి ఉరికితే, పోలీసులు ఇంకా వీధి చివరే ఉన్నారు.