మస్కట్ నుంచి వచ్చిన సౌండు పెట్టె

నరసాపురం,
12-5-2002.

చి.ల.సౌ. లోవలక్ష్మికి నీ బావ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, అమ్మా, మన పిల్లా కులాసా. మస్కట్‌లో నువ్వూ, నువ్వు చూసుకుంటున్న ఆ ఇంటి పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను.

అలేఖ్య పదో తరగతి బాగానే రాసింది. లెక్కలంటేనే బెంగగా ఉంది. నువ్వు పంపిన మందు అమ్మ మోకాళ్ళకి రాసుకుంటోంది.

నువ్వు పంపిన ఆ ఎన్‌హాన్సర్ పెట్టె తగిలించాక మన మైకుసెట్టు సౌండు బాగుపడిందా అని రెండుసార్లు అడిగావు. అది బిగిస్తే పాత బాక్సుల్లోంచి కూడా మాట స్పష్టంగా వస్తుందని షాపువాడు చెబితే, నాకోసం ఏరి కొన్నానని రాశావు. క్యాసెట్ పాటలకి బాగుందని నాతో సెట్టు నడిపే లాజరు అన్నాడు. మనిషి నిలబడి పాడేటప్పుడు సంగతి వేరు.

శ్రీరామనవమి పందిట్లో పాపాయిగారి హరికథకి ఆ పెట్టె పెట్టాను. నాకు తేడా తెలియక నాబ్ తిప్పుతూ పోయాను. మైకు కీచుమందట. ముందు వరసలో ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఇరవయ్యేళ్ళుగా నా మైకు కావాలని అడిగి పెట్టించుకునే మనిషి, కథ ఆపేసి, "వీరభద్రంగారూ, ఆ పెట్టేదో తీసెయ్యండి. నా గొంతు నాకే గీసుకుంటోందండి" అన్నారు. లాజరు తీశాడు. ఇప్పుడు హాయిగా ఉందన్నారు అందరూ. నాకు మాత్రం పెట్టె ఉన్నప్పుడూ, తీసేశాకా ఒకేలా వినిపించింది.

తప్పు పెట్టెదేనని అందరికీ చెప్పాను. అది అబద్ధం లోవా.

మర్నాడు లాజరు నన్ను భీమవరంలో చెవి డాక్టరుగారి దగ్గరకి తీసుకెళ్ళాడు. హెడ్‌ఫోన్లు పెట్టి, కూత వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. మొదట నాలుగైదుసార్లు ఎత్తాను. తర్వాత ఏమీ రాలేదు. మిషను ఆగిందేమోనని చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆయన వచ్చి "అయిపోయిందండి" అన్నారు. నేను కూర్చున్నంతసేపూ కూతలు వస్తూనే ఉన్నాయట. పాతికేళ్ళు హారన్ స్పీకర్ల పక్కన నిలబడినందుకు సన్నటి శబ్దాలు ముందు పోయాయట. ఇక తిరిగి రావన్నారు.

ఇప్పుడు నాబ్‌లు లాజరు చూస్తున్నాడు. నేను వైర్లు లాగుతున్నాను. పాపాయిగారింటికి వెళ్ళి నిజం చెప్పాను. "అయితే నా పాట ఎన్నాళ్ళ నుంచి వినపడటంలేదండీ మీకు?" అని అడిగారు. తెలియదన్నాను.

నీ ఆఖరి ప్రశ్నకి జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. "ఫోను చేస్తే రెండు మాటలకే పిల్లకి ఇచ్చేస్తున్నావు, నేను ఇక్కడికి వచ్చేశానని కోపమా బావా?" అన్నావు. కోపం కాదు. నిరుటి నుంచే నీ గొంతు నాకు అందడంలేదు. గాలి వీచినట్టు ఏదో వస్తుంది, మాట తెలియదు. మళ్ళీ చెప్పమంటే బయటపడిపోతానని, ఊఁ ఊఁ అని పిల్లకి ఇచ్చేవాణ్ణి. నువ్వు ఏడ్చిన రోజున కూడా ఊఁ అన్నానని అలేఖ్య తర్వాత చెప్పింది.

ఈ ఉత్తరం అందాక శుక్రవారం ఫోను చెయ్యి. చెప్పాల్సినవన్నీ ముందు పిల్లకి చెప్పు. ఆ తర్వాత నాకు ఇమ్మను. ఏం మాట్లాడినా పర్వాలేదు, నువ్వు పెట్టేసేదాకా నేను పెట్టను.

ఇట్లు,
నీ బావ
వీరభద్రం