మెర్విన్ బోటు కార్పెట్

జూన్ 2, ఆదివారం

దక్షిణ ఆస్ట్రేలియాలోని ఈ స్ట్రీకీ బేకు టీచరుగా వచ్చిన నాలుగు నెలలకు మొదటిసారి నన్నొకరు బయటికి రమ్మన్నారు. పక్కింటి మెర్విన్, చేపలకు.

ఆయన అల్యూమినియం బోటులో రెండే సీట్లు. రెండోది తమ్ముడు లెస్‌ది. జనవరిలో డెక్ మీద ఊడిన కార్పెట్ అంచు తట్టుకుని లెస్ మోకాలు దెబ్బతింది. అది అతికించేదాకా నీ బోటెక్కను పో అన్నాడట లెస్. చూసి నడవడం రానివాడికి బోటెందుకురా అన్నాడట ఈయన. అప్పటినుంచీ మాటల్లేవు.

ఇవాళ ఆ అంచే నా కాలికీ తగిలింది. చేతిలోని వల, అందులోని వైటింగ్ చేప, రెండూ నీళ్లలోకి పోయాయి. మెర్విన్ తిట్టలేదు. బోటును ఒడ్డుకు తిప్పేశాడు.

జూన్ 9, ఆదివారం

పిలవలేదు. ఒక్కడే వెళ్లాడు.

జూన్ 11, మంగళవారం

అడిగేశాను, కార్పెట్ నేను వేస్తానని. ఎప్పుడైనా వేశావా అన్నాడు. లేదు, చదివి వేస్తానన్నాను. నువ్వు చదివితే జిగురు అంటుకుంటుందా అమ్మాయ్ అని నవ్వి షెడ్డు తాళం చేతిలో పెట్టాడు.

మా ఇంట్లో స్కూలు పూర్తి చేసింది నేనే. మా ఊరు పోర్ట్ పిరీలో నాన్నకొచ్చే ఉత్తరాలన్నీ నేనే చదివి పెట్టేదాన్ని. చదివితే ఏ పనైనా వస్తుందని నా నమ్మకం. కార్పెట్ గట్టిగా నిలిస్తే ప్రతి ఆదివారం ఆ సీటు నాదే. ఈ మాట పైకి అనలేను.

జూన్ 15, శనివారం

పాత కార్పెట్ పీకాను. పాత జిగురు గీకాను. పొద్దున్నుంచి చీకటిపడేదాకా అదే పని.

జూన్ 16, ఆదివారం

తప్పు చేశాను. కొత్త కార్పెట్‌కు వెనకవైపే చాక్‌పీసు గీత పడుతుంది. అందుకని దాన్ని బోర్లా వేసి, పాత ముక్కను దాని మీద పరిచి చుట్టూ గీశాను. పాతదాన్నీ బోర్లా పరచాలి. నేను వెల్లకిలా పరిచాను. కోసి డెక్ మీద వేస్తే అద్దంలో బొమ్మలా తిరగబడింది. లంగరు పెట్టే అర కుడివైపు, నేను కోసిన కంత ఎడమవైపు.

మెర్విన్ వచ్చి చూశాడు. పిల్లలకు కుడీ ఎడమా నేర్పేది నువ్వేనా టీచరమ్మా అన్నాడు. పర్లేదులే, బోటును బోర్లా తిప్పి వెళ్దాం అన్నాడు. నా మొహం చూసి గొంతు తగ్గించాడు. మొదటిసారి నేనూ ఇట్లాగే కోశా, లెస్‌గాడికి చెప్పకు అన్నాడు.

జూన్ 22, శనివారం

పొద్దున్నే సెడూనా టౌనుకు వెళ్లి ఇంకో ముక్క తెచ్చాను. ఈసారి మూడుసార్లు సరిచూసి కోశాను.

జిగురు డెక్‌కీ రాయాలి, కార్పెట్‌కీ రాయాలి. తడిమీద అంటించకూడదు. వేలి వెనకవైపు ఆనిస్తే అంటుకోకుండా ఉన్నప్పుడు కలపాలి. ఒకసారి కలిస్తే మళ్లీ లేపడం కుదరదు. డబ్బా మీద ఆరడానికి ఇరవై నిమిషాలని ఉంది. ఈ జూన్ చలికి నలభై, డబ్బాకేం తెలుసు అన్నాడు మెర్విన్.

నలభై నిమిషాలు షెడ్డు గుమ్మంలో కూర్చుని టీ తాగాం. పోర్ట్ పిరీ గురించి అడిగాడు, నాన్న గురించి అడిగాడు. ఈ ఊళ్లో ఒక మనిషితో అంతసేపు మాట్లాడటం ఇదే మొదలు. ఇంకాసేపు ఆరకపోతే బాగుండుననిపించింది.

తర్వాత ఆయన ఒక కొస పైకెత్తి పట్టుకున్నాడు. నేను రెండో కొసనుంచి అరచేత్తో నొక్కుకుంటూ వచ్చాను. ఒక్క ముడత లేదు.

జూన్ 27, గురువారం

షెడ్డులో కత్తిరింపులు ఊడుస్తుంటే కుంటుకుంటూ ఒకాయన వచ్చాడు. లెస్. బోటెక్కి మడమతో కార్పెట్ అంచును మూడుసార్లు తన్నాడు. కదల్లేదు. ఎవరు వేశారన్నాడు. నేనేనన్నాను. మా అన్న వెయ్యలేదన్నమాట, అందుకే బావుంది అన్నాడు.

వెనకనుంచి మెర్విన్ గొంతు. మూడు వీధులు దాటి రావడానికి అయిదు నెలలు పట్టిందేంరా అని. ఆ జిగురైనా నువ్వు కొన్నావా అన్నయ్యా, ఈ పిల్లే తెచ్చుంటుంది అన్నాడు లెస్. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చీపురు మూల పెట్టి ఇంటికొచ్చేశాను.

జూన్ 30, ఆదివారం, ఉదయం 8

తీరంనుంచి మెర్విన్ పిలిచాడు. కోటు వేసుకుంటూ పరిగెత్తాను. రెండో సీట్లో లెస్ ఉన్నాడు.

బోటు ఇసుకలో ఇరుక్కుంది, లెస్ ఆ మోకాలితో దిగలేడు, ఓ చెయ్యి వెయ్యి టీచరమ్మా అన్నాడు.

బూట్లు విప్పి నీళ్లలోకి దిగాను. తోశాను.