తాతయ్య గేజి చెప్పిందే గాలి

జూన్ 3

ఈరోజు మా టైర్ల షాపులో శాస్త్రీయ చర్చ జరిగింది. వాడిన పరికరాలు: వీల్ స్పానర్ ఒకటి, టైర్ లీవర్ ఒకటి, బాబాయి ముక్కు ఒకటి.

లారీ డ్రైవర్ మీసాలాయన వస్తూనే, గాలి కొట్టమన్నానా, బాంబు చుట్టమన్నానా అని అరిచాడు. మేం గాలి కొట్టిన ముందు టైరు దారిలో పేలి, క్లీనర్ తల అద్దానికి గుద్దుకుందట. తను కొన్న కొత్త గాలి గేజి పెట్టి మిగతా టైర్లు చూస్తే, నూటపది పౌన్లు ఉండాల్సింది నూటముప్పై అయిదు ఉందట. బాబాయి, పోయిన తాతయ్య వాడిన గేజి తెచ్చి పెట్టాడు. కచ్చితంగా నూటపది. చూశావా, నీ బొమ్మ గేజి పట్టుకెళ్లి పిల్లలకి ఆడుకోడానికివ్వు అన్నాడు.

మీసాలాయన స్పానర్‌తో బాబాయి ముక్కుని ప్రశ్నించాడు. బాబాయి లీవర్‌తో వివరణ ఇచ్చాడు. నేను మధ్యలో దూరి ఇరుపక్షాల అభిప్రాయాలూ స్వీకరించాను. కింది పెదవి చిట్లింది.

జూన్ 4

అన్నయ్య టైరు మీదే కూర్చుని గాలి కొడతాడు. కుర్చీ దండగ అంటాడు. ఆ గేజి తప్పయితే నువ్వు కూర్చునేది ఫిరంగి మూతి మీద అన్నాను. డిగ్రీ చదివితే నోరొక్కటే పెరుగుతుందా, బుర్ర కూడా ఏమైనా పెరుగుతుందా అని అడిగాడు.

నాకున్నది ఒక్కడే అన్నయ్య. ఉన్నవాడు ఇలాంటివాడు.

జూన్ 6

గేజి కొనడానికి వెళ్లాను. కార్ల గేజి అరవైతో ఆగిపోతుంది, పక్కన పెట్టాను. మనకి కావలసిన అంకె డయల్ మధ్యలో పడాలి, చివరలో కాదు. అలా ఏరి ఏరి, రెండు వేర్వేరు కంపెనీలవి కొన్నాను. షాపువాడు ఒక ప్లాస్టిక్ గేజి ఊరికే అంటగట్టాడు.

బాబాయి మూడింటికీ పరీక్ష పెట్టాడు. దేంతో పోల్చి? తాతయ్య గేజితో! తప్పు జవాబుల ‘కీ’ పట్టుకుని పేపర్లు దిద్దడమంటే ఇదే. అది నూటపది చూపించిన టైరుకి నేను ఏరినవి రెండూ నూటముప్పై అయిదు అన్నాయి. ఊరికే వచ్చినది నూటపన్నెండు అంది. ఇదిరా నిజాయితీ అంటే అని బాబాయి దాన్ని జేబులో పెట్టుకున్నాడు. మిగతా రెంటినీ దిమ్మ మీద పెట్టి సుత్తితో కొట్టాడు. ఒక గాజు పెంకు నా బుగ్గలో దిగింది.

ఏకగ్రీవంగా ఎన్నిక ముగిసింది.

జూన్ 7, సాయంత్రం

బాబాయి భోజనానికి వెళ్లినప్పుడు తాతయ్య గేజిని సంచీలో వేసుకుని మా పాత కాలేజీ ల్యాబుకి పరిగెత్తాను. ప్రెషర్ టెస్టర్‌కి బిగించి సరిగ్గా నూటముప్పై అయిదు పెడితే, అది నూటపది చూపించింది. అంటే ఇది తక్కువ చెబుతోంది, మేం ఎక్కువ కొడుతున్నాం. మీ షాపులో అందరూ బతికే ఉన్నారా అని ల్యాబ్ సార్ అడిగారు. నేను బయల్దేరేదాకా ఉన్నారండీ అన్నాను.

వచ్చి చెప్పాను. మా నాన్నని అబద్ధాలకోరంటావా అని బాబాయి చెవి మీద ఒక్కటిచ్చాడు. కింద పడ్డాక బెల్టు తీశాడు. పిన్ని వచ్చి బెల్టు లాక్కుంది. మామగారంటే అంత గౌరవముంటే రోజూ ఆయన ఫొటో తుడవండి, టైర్లెందుకు పేలుస్తారు అంది.

జూన్ 8

ఎడమ చెవిలో ఎవరో ఈల వేస్తున్నారు. ఆపమంటే ఆపడం లేదు.

జూన్ 9

అన్నయ్య అతుకు వేసిన లారీ టైరు మీద కూర్చుని గాలి కొడుతున్నాడు. గాలి లేకుండానే చాలా దూరం పరిగెత్తిన టైరది. తాతయ్య గేజి తొంభై చూపిస్తోంది. దిగమన్నాను. నవ్వాడు. వాడి మాట వినకు, నూటపది దాకా కొట్టు అని బాబాయి లోపలినుంచి అరిచాడు.

నూరు. టైరు పక్కభాగంలో టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. లోపలి ఇనుప తీగలు తెగుతున్నాయి.

లీవర్ తీసి అన్నయ్య మోకాలి కింద బలంకొద్దీ కొట్టాను. ఎముక విరగడం నాకు వినిపించింది. కింద పడ్డవాణ్ణి కాలర్ పట్టుకుని స్తంభం వెనక్కి ఈడ్చాను. నా చెయ్యి కొరికాడు. చర్మం వాడి పళ్లలో ఉండిపోయింది.

బాబాయి పరిగెత్తుకొచ్చాడు. రాక్షసుడా, తోడబుట్టినవాడి కాలు విరగ్గొడతావా అన్నాడు. నా మీదికి వస్తాడనుకున్నాను. రాలేదు. గాలి ఇంకా ఎక్కుతున్న టైరు మీదికి వంగి గేజి చూసి, చూడరా వెధవా, నూట అయిదే అన్నాడు.

పేలింది.

పొగ తగ్గాక చూస్తే రేకు కప్పులోంచి ఆకాశం కనిపించింది. బాబాయి ఎడమ చెయ్యి కనిపించలేదు.

జూన్ 10

ఇవాళ జోకులు లేవు.

జూన్ 14, ఆసుపత్రి

నర్సు బాబాయికి బీపీ చూసి, రెండొందలుందండీ అంది. నీ మిషన్ తప్పమ్మా, ఇంకోటి తే అన్నాడు. తెచ్చింది. అదీ రెండొందలే అంది. మూడోది తెమ్మని చెయ్యి చాపే ఉంచాడు.

కాలికి కట్టుతో ఉన్న అన్నయ్య పక్కమంచం మీంచి, చాల్లే బాబాయ్, చెయ్యి దించు అన్నాడు.

బాబాయి ఉన్న చెయ్యి దించాడు.