కోడిపిల్లల దీపాలు

మిత్యానా,
ఏప్రిల్ 28.

ప్రియమైన రోబినాకు,

నాబుకీరా నమస్కారాలు. కంపాలాలో నువ్వూ మీ ఆయనా సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమని రాయాలి గానీ చెయ్యి రావడం లేదు. వానలు వదలడం లేదు. తోటలో అరటిగెలలు మాత్రం బాగా దిగాయి, చెట్లు ఒరగకుండా కర్రలు ఊతంగా పెడుతున్నాం. నువ్వు ఫోను ఎత్తడం మానేశావు కనుక, ఈ ఉత్తరాన్ని టాక్సీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

నిరుడు నువ్వు సోలారు కంపెనీ తరఫున చర్చి ఆవరణలో మా కోళ్లు పెంచే ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టిన రోజు నాకు కళ్లకు కట్టినట్టుంది. కోడిపిల్లలకు వెచ్చదనం కోసం గదిలో బొగ్గుల కుంపటి పెట్టక్కర్లేదనీ, పగటి ఎండను బ్యాటరీలో దాచుకుని రాత్రి దాంతో వేడి దీపం వెలిగిస్తే చాలనీ చెప్పావు. మాలో ఒకతె, నకిబూకా, అందరికీ వినపడేలా, ఇవాళ ఎండతో పిల్లల్ని పెంచుతుందట, రేపు వెన్నెలతో గుడ్లు పొదిగిస్తుందేమో అంది. అందరూ నవ్వారు. నువ్వు మాత్రం నావైపు చూశావు. చిన్నప్పుడు బడిలో నీకు జవాబు రానప్పుడల్లా అలాగే చూసేదానివి. నేను లేచి, మొదటి దీపం నా కోళ్ల గదిలో పెట్టమన్నాను.

మా ఆయన సెబులీబా బొగ్గుల కొట్టు మీదే మా ఇల్లు గడుస్తోందని తెలిసే లేచాను రోబినా.

దీపం మంచిదే. అది నేను ఎవరి ముందైనా చెబుతాను. పొగ లేదు, మంటను కాపలా కాయక్కర్లేదు, పిల్లలు దాని కింద గుండ్రంగా చేరి హాయిగా నిద్రపోయేవి. వచ్చి చూసినవాళ్లు ఒక్కొక్కరే మారారు. చివరికి నకిబూకా కూడా. బేరం పడిపోయాక మా ఆయన కొట్టు ముసోకేకి అమ్మేసి ఇటుకల బట్టీలో పనికి కుదిరాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ముసోకే వెనక కంపాలా వాళ్లెవరో ఉన్నారని మాత్రం విన్నాం. ఎవరూ బొగ్గు కొనని ఊళ్లో కొట్టెందుకు కొన్నారోనని జాలిపడ్డాం కూడా.

తర్వాత వానలు పట్టాయి. మబ్బు రోజుల కోసం కంపెనీ రెండో బ్యాటరీ ఇస్తుందని నువ్వే అందరికీ మాటిచ్చావు. అడిగితే, సరుకు ఓడరేవులో ఆగిపోయిందన్నావు. ఆ తర్వాత అడగడానికి నువ్వు దొరకలేదు. తెల్లారేలోగా దీపాలు ఆరిపోతుంటే అందరూ మళ్లీ ముసోకే కొట్టుకే పరిగెత్తారు. అతను ధర అమాంతం పెంచాడు. నకిబూకా వాన జల్లుకు భయపడి తలుపులన్నీ మూసి కుంపటి వెలిగించింది. పొద్దున గది తెరిస్తే, ఆ పొగకు ఒక్క పిల్లా లేవలేదు. చచ్చిన పిల్లల్ని గంపకెత్తి తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. తిట్టలేదు. "నువ్వు చెప్పావనే మారాను నాబుకీరా" అని మాత్రం అంది.

ఆ మర్నాడే కంపాలా బస్సెక్కాను. కంపెనీ ఆఫీసులో పనిచేసే అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. మా ఊరి బ్యాటరీలు వానలకు ముందే వచ్చాయట. మాకు అక్కర్లేదని నువ్వే చెప్పావట. గోదాములోకి తీసుకెళ్లి చూపించాడు. అట్టపెట్టెల మీద మా ఊరి పేరు రాసి ఉంది. అవి మాకు కావాలని అక్కడే కాగితం మీద రాసిచ్చాను.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. చాలాసేపు కాళ్ల బురద కడుక్కుంటూనే ఉండిపోయాడు. ఆఖరికి, "నేను బొగ్గు అమ్ముతున్నానని అందరికీ తెలిసే అమ్మాను. రోబినా ఏం అమ్ముతోందో మీలో ఎవరికైనా తెలిసిందా?" అన్నాడు.

తర్వాత కంపెనీ వాళ్లు వ్యానులో వచ్చి బ్యాటరీలు బిగించి వెళ్లారు. దీపాలు మళ్లీ తెల్లవార్లూ వెలుగుతున్నాయి. నకిబూకా మాత్రం తన దీపం పీకేసి నా వాకిట్లో పెట్టిపోయింది. ఆమె కొత్త కోడిపిల్లల్ని తెచ్చిన రోజు నేనే తీసుకెళ్లి బిగించి, ఆ రాత్రి ఆమె గదిలోనే పడుకున్నాను. మా మధ్య మాటలు ఇంకా అతుక్కోలేదు. నేను చర్చికి వెళితే పక్కన చోటిచ్చేవాళ్లు తగ్గారు. దీపం మీద కోపం పోయింది గానీ, దాని గురించి చెప్పిన నోటి మీద పోలేదు. ఆ నోరు నీది కాదు, నాది.

ఎందుకిలా చేశావని నిన్ను అడగను. ఊరికి వస్తే మా ఇంటి ముందు నుంచి వెళ్లకు. వెళితే నేను పలకరిస్తానేమో. అలవాటు చెడ్డది.

ఒకప్పటి నీ నేస్తం,
నాబుకీరా

తా.క.: ఎందుకని అడగకపోవడానికి కారణం, అది నాకు తెలుసు కనుక. దీపం ఆరిన రోజుల్లో మీ అమ్మ కూడా బొగ్గు కోసం ముసోకే కొట్టుకు వెళ్లింది. ఆమెకు చూపు ఆనకపోయినా చెవులు బాగానే వినపడతాయి కదా. బస్తాల వెనక గదిలోంచి, "ధర దించకు ముసోకే. వానలు తగ్గేదాకా వీళ్లకు ఇంకో గతి లేదు. కొట్టు నాది, నష్టమొస్తే నేను చూసుకుంటాను" అన్న నీ గొంతు విందట. ఆమె బొగ్గు తీసుకుని ఇంటికెళ్లింది. కానీ దాన్ని వెలిగించలేదు. తన కోడిపిల్లల్ని బుట్టలో పెట్టుకుని, శాలువా కప్పి, వానలో మా ఇంటికి వచ్చేసింది. ఇప్పటికీ ఇక్కడే ఉంది. ఈ ఉత్తరం ఆమె పక్కన కూర్చునే రాశాను, చదివి వినిపించాను. తన మాటగా నీకేమైనా రాయమంటుందా అని అడిగితే, "ఆ బొగ్గుకు అడిగిన ధరే ఇచ్చానని రాయి" అంది.