ఖాళీ మాత్రల షీట్లు

అమ్మడూ,

నాన్న గుండె ఉన్నట్టుండి పరుగందుకుంది, కళ్లు తేలేశారు. అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాం. ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తవేం తల్లీ? వంటింట్లో చెత్తబుట్ట బోర్లించి ఖాళీ మాత్రల షీట్లన్నీ ఏరుకుని రా. ఆయన వేళ్లకు చింపడం రాదని అన్నీ విప్పి ఒకే డబ్బాలో పోశాను కదా, ఇప్పుడు ఏది ఏదో నాకే తెలియడం లేదు. "రెండు మందులు ఒకదానికొకటి పడకపోతే గుండె ఇలా కొట్టుకుంటుందమ్మా, పేర్లు తెలిస్తే ఏది ఆపాలో తెలుస్తుంది" అంటోంది బండిలో వచ్చిన నర్సు.

అమ్మ

పక్కింటావిడ దగ్గర మిగిలిన దగ్గు మాత్ర తెచ్చి నిన్న నేనే పోరి మింగించాను, ఆయన వద్దంటూనే ఉన్నారు. నర్సుకు ఇంకా ఆ మాట చెప్పలేదు. దారిలో చెప్పేస్తాను. దాని పేరు ఆవిడనడిగి రా.