సొరపాదు నిలిచింది

నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. నా మీద దిగులుతో నర్సు శిక్షణ పాడుచేసుకోకు. నువ్వు నాటి వెళ్లిన సొరపాదు గోడెక్కింది గానీ, పిందెలన్నీ వేలెడంత కాగానే రాలిపోయేవి. "ఇంకో రెండు ఆదివారాలు చూస్తాను. కాయలేదో, పీకించి పెరడంతా బండలు పరిపిస్తాను" అన్నాడు మనకి అద్దెకిచ్చిన ఇంటాయన. తప్పు నాదే. పిందె లేని పూలు తీగ బలం తినేస్తున్నాయని రోజూ తుంచేశాను. లేతు మిషను మీద ఇనుములో అక్కర్లేనిది చెక్కేసే చెయ్యి కదా. పక్కింటి కుట్టుమిషను పిన్నిగారు గోడ మీంచి చూసి, "ఓరి తెలివైనవాడా! మగపూలన్నీ కోసేస్తే పిందె ఎలా నిలుస్తుందిరా?" అని ఒకటే నవ్వు. తుంచడం మానేశాను. రెండో సాయంత్రం ఒక మగపూవు విచ్చింది. ఆవిడే నా చేత దాన్ని పిందెపూలకి అద్దించింది. మూడు నిలిచాయి.

గడువు ఆదివారం ఇంటాయన గునపంతో వచ్చాడు. మూరెడు కాయలు చూసి, ఒకదాన్ని అరచేత్తో ఎత్తి చూశాడు. "ఇంత బరువు తీగెలా మోస్తుందయ్యా?" అని ఆ గునపంతోనే పందిరి గుంజలకి గుంటలు తవ్వాడు.

నీ దగ్గు తగ్గిందా? మిరప విత్తనాలు ఏ డబ్బాలో పెట్టావు? గొడుగు కనబడలేదు, ఎక్కడ పెట్టావో రాయి. నీ గదిలో అమ్మాయిలందరినీ అడిగానని చెప్పు. మొదటి కాయ తనకిమ్మన్నాడు ఇంటాయన. అది మా ఆవిడదని చెప్పాను. నువ్వొచ్చేసరికి ముదిరి విత్తనానికే పనికొచ్చినా సరే, కోయను.

మీ ఆయన