ఆవకాయ పార్సిల్లో వచ్చిన డబ్బా

చందానగర్,
ఆదివారం ఉదయం.

అక్కయ్యకు,

చెల్లెలు సుజాత నమస్కరించి రాస్తున్నది. మేమిక్కడ క్షేమం అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. ఈసారి ఆ మాట రాయను, రాస్తే అబద్ధమవుతుంది. నీ మరిది బతికి ఉన్నారు, అంతవరకు రాయగలను. నువ్వూ బావగారూ బాగున్నారనే అనుకుంటున్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు, ఆ మాట ఆయనతో చెప్పు. ఉన్న కోపమంతా నీ మీదే.

ఫోన్ చేయక ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోన్ చేస్తే ముందు నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను కరిగిపోతాను. చిన్నప్పటి నుంచీ మనిద్దరిదీ అదే వరస. పైగా ఈ మధ్య నీ ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటున్నది. నేను మాట్లాడేదంతా నువ్వు డబ్బాలు అమ్మే కంపెనీ ఆరోగ్య క్లబ్బు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని వింటున్నారు. మొన్న ఒకావిడకు "మా చెల్లెలే, మీరే అడగండి" అని నన్ను అప్పగించావు కూడా. అందుకే కాగితం తీసుకున్నాను. నా మాటకు నువ్వు మధ్యలో అడ్డు రాలేవు.

ఇక్కడి సంగతులు అడుగుతుంటావు కదా. వానలు పట్టుకున్నాయి. లింగంపల్లి బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే ఆ పూట బస్సులు ఎటు తిరిగి ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియదు. మాదాపూర్‌లో నేను పనిచేసే క్రెష్‌కి, అదే ఆఫీసువాళ్ల పిల్లలను చూసుకునే చోటికి, వెళ్లి నెల దాటింది. సెలవు పొడిగించారు, మంచివాళ్లే. తణుకు వదిలి ఏడాదిన్నర అయినా ఈ ఊళ్లో నాకు తెలిసినవాళ్లు ఇంటావిడ ఒక్కతే. పాప కాలేజీ హాస్టల్లో ఉంది. ఆయన మాట్లాడరు, అంటే మాట్లాడలేరు. ఉదయం కుక్కరు కూత, సాయంత్రం వాన చప్పుడు. రోజంతా ఇంట్లో నా గొంతు నేనే వింటున్నాను. అది నువ్వు ఎప్పుడైనా అనుభవించావా?

ఎక్కడ మొదలైందో నీకు గుర్తు చేస్తాను, ఎందుకంటే నువ్వు చెప్పుకుంటున్న కథ వేరేగా ఉంది. ఆయన గుండెలో కవాటం మార్చి మూడేళ్లయింది. ఆ కవాటం దగ్గర రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం పల్చబరిచే మాత్ర వేసుకోవాలని అప్పుడే చెప్పారు. నెలనెలా రక్త పరీక్ష. పల్చదనం ఎక్కువైతే మాత్ర తగ్గిస్తారు, తక్కువైతే పెంచుతారు. ఆకుకూరలు కూడా ఒక రోజు బోలెడు, ఒక రోజు సున్నా కాకుండా ఒకే తీరుగా తినమన్నారు. గోంగూర వారానికి ఎన్నిసార్లు వండాలో కూడా డాక్టరుగారిని అడిగి మరీ వండిన దాన్ని నేను. అలాంటి దాన్ని నీ డబ్బా గురించి మాత్రం అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, అది ఆవకాయ పార్సిల్లో వచ్చింది. ఈ ఎండాకాలంలోనే పంపావు కదా. ఆవకాయ, కందిపొడి, చీర, వాటి మధ్య గుడ్డలో చుట్టిన రెండు డబ్బాలు. "పసుపు సారం, వెల్లుల్లి సారం. రక్తాన్ని సహజంగా పల్చబరుస్తుంది. మందు కాదే పిచ్చిదానా, ఆహారం! మన వంటింట్లో ఉండేవే కదా," అన్నావు. పుట్టింటి నుంచి వచ్చినదాన్ని మనం ఎప్పుడైనా అనుమానించామా? ఆయన మందులు అలమరలో పెట్టాను. నీ డబ్బాలు ఫ్రిజ్ మీద, ఆవకాయ జాడీ పక్కన పెట్టాను. పొద్దున ఒక బిళ్ల, రాత్రి ఒక బిళ్ల, ఇడ్లీ పెట్టినట్టే చేతిలో పెట్టాను. వదిన పంపింది అంటే ఆయన మారు మాట అనరు, అది నీకూ తెలుసు.

తర్వాతి పరీక్షలో రక్తం మరీ పల్చబడిందని వచ్చింది. పరీక్ష చేసే నర్సు గుచ్చి గుచ్చి అడిగింది. "ఏందమ్మా, సారు ఇంకేమన్న మింగుతున్నడా? ఆయుర్వేదమో, పసరు మందో? జర యాది చేసుకొని చెప్పు." ఏమీ లేవండి, అన్నాను. అబద్ధం ఆడాననే అనుకోలేదు. ఆవకాయ సంగతి చెప్పనట్టే అదీ చెప్పలేదు. డాక్టరుగారు మాత్ర తగ్గించారు. ఇంకో నెల పోయాక మళ్లీ తగ్గించారు.

ఆ రోజు నీకు ఫోన్ చేసి సంతోషంగా చెప్పింది కూడా నేనే. అందుకు నా చెంపలు నేనే వాయించుకున్నా తక్కువే. సాయంత్రానికల్లా ఆయన ఫొటో నీ ఫేస్‌బుక్ పేజీలో ఉంది. పోయినేడు మీ ఇంటి మేడ మీద తీసిన ఫొటో, నీలం చొక్కా. కింద నీ రాత. "మా మరిదిగారు. గుండె ఆపరేషన్ అయిన మనిషి. డాక్టర్లే ఆశ్చర్యపోయి మాత్ర సగానికి తగ్గించారు." ఏ డాక్టరూ ఆశ్చర్యపోలేదు అక్కయ్యా. తనకు తెలియనిది ఏదో మనిషి కడుపులోకి వెళ్తున్నదని తెలియక, కనబడిన దానికి తగ్గట్టు మాత్ర తగ్గించారు. నువ్వు దాన్ని గెలుపనుకున్నావు. నేనూ అనుకున్నాను. నువ్వు మాత్రం ఊరంతా చాటావు.

తర్వాత డబ్బాలు అయిపోయాయి. నువ్వేమో క్లబ్బు వాళ్లతో ఊటీ వెళ్లావు. "వచ్చాక పంపిస్తాలే, నాలుగు రోజులు ఆగితే ఏమీ కాదు," అన్నావు. నాలుగు రోజులు మూడు వారాలయ్యాయి. ఆ మూడు వారాలూ ఆయన ఒంట్లో నీ డబ్బా లేదు, ఉన్న మాత్రేమో సగం. ఆ సంగతి డాక్టరుకు తెలియదు, నర్సుకు తెలియదు, మనకు బుర్ర లేదు.

ఆ మూడో వారం మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఆయన ఆఫీసుకు తయారై, చొక్కా గుండీలు పెట్టుకుంటూ కాఫీ గ్లాసు అందుకున్నారు. గ్లాసు జారిపోయింది. తిడదామని తిరిగాను. నోరు ఒక పక్కకు పోయింది, ఏదో అంటున్నారు, ఒక్క ముక్కా మాటలా లేదు. నేను అరిచిన అరుపుకు కింది నుంచి ఇంటావిడ పరుగెత్తుకొచ్చింది. "ఫికర్ చేయకు బిడ్డా, ముందుగాల దవాఖానకు పోదాం పట్టు," అని వాళ్లబ్బాయి కారులో ఎక్కించింది. ఆ కారులో ఆయన ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. కుడి చెయ్యి పక్కన పడి ఉంది.

కవాటం దగ్గర రక్తం గడ్డకట్టి, అందులో ఒక ముక్క మెదడులోకి వెళ్లిందని చెప్పారు. ఇంకేమైనా వాడుతున్నారా అని డాక్టరుగారు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ లేదన్నాను. అప్పుడు ఇంటావిడే అన్నది. "మరి గా డబ్బా ఏందమ్మా? ఫ్రిజ్ మీద ఉంటుండె గదా. పొద్దుగాల ఇడ్లీతోని ఇస్తుంటివి, నేను చూసిన." ఆ క్షణాన భూమిలోకి పోదామనిపించింది.

డాక్టరుగారు అరవలేదు. అరిచినా బాగుండేది. "పసుపు మానమని ఎవరూ చెప్పలేదమ్మా, కూరలో వేసుకోండి. కానీ ఇది కూరలో చిటికెడు కాదు, ఎంతో పసుపు నుంచి తీసిన సారం. ఇదీ, ఆయన మాత్రా కలిస్తే రక్తం ఎంత పల్చబడుతుందో చెప్పలేం. తెలిసి ఉంటే వాడొద్దనేవాణ్ని. మీరు చెప్పకుండా మొదలుపెట్టారు, చెప్పకుండా ఆపారు. నేను రెండుసార్లూ గుడ్డిగా వైద్యం చేశాను," అన్నారు. ఆ మాటలు నాకూ వర్తిస్తాయి, కాదనను. నా వాటా నేను మోస్తున్నాను. ఈ ఉత్తరం నీ వాటా గురించి.

మొన్న నీ కొత్త పార్సిల్ వచ్చింది. సున్నుండలు, మూడు డబ్బాలు. సున్నుండలు ఉంచుకున్నాను, ఆయనకు ఇష్టం. డబ్బా మీద నువ్వు అతికించే స్టిక్కరు ఉంటుంది కదా, నీ పేరు, ఫోన్ నంబరు, నవ్వుతున్న నీ ఫొటో. దాన్ని గోటితో గీకాను. కింద కంపెనీవాళ్ల చిన్న అక్షరాలున్నాయి. రక్తం పల్చబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా దీన్ని వాడరాదు. మూడు డబ్బాలూ గీకాను, మూడింటి మీదా స్టిక్కరు సరిగ్గా ఆ చోటే ఉంది. నువ్వు చదివి అతికించావా, చదవకుండా అతికించావా? నిలబెట్టి అడుగుతున్నాను. ఏది ఒప్పుకున్నా నీ ముఖం నాకు ఇదివరకటిలా కనబడదు.

ఇంత జరిగాక కూడా నువ్వు ఫోనులో ఏమన్నావో గుర్తుందా? "చూశావా, డబ్బా ఆగింది, ఇలా అయింది! ఆపకూడదని నేను మొత్తుకుంటూనే ఉన్నాను కదే!" నా మొగుడి పక్షవాతాన్ని కూడా నీ డబ్బాకు ప్రచారంగా మార్చావు. ఊటీ వెళ్లింది ఎవరు? నాలుగు రోజులు ఆగమన్నది ఎవరు? నీతో ఒకే మంచం మీద పడుకుని పెరిగాను. నువ్వింత మొద్దుబారిన మనిషివని నాకు తెలియదు.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుతాను. ఆయన ఫొటో ఈ పూటే తీసెయ్యి. నువ్వు డబ్బాలు ఇచ్చిన వాళ్లలో గుండె మాత్రలు వేసుకునేవాళ్ల ఇళ్లకు నువ్వే స్వయంగా వెళ్లు. ఆపరేషన్లకు, పళ్లు పీకించుకోవడానికి వెళ్లబోయేవాళ్లను అసలు వదలకు, వాళ్లకు రక్తం ఆగకపోవచ్చు. మాత్ర మానవద్దనీ, డబ్బా తీసుకెళ్లి డాక్టరుకు చూపించమనీ చెప్పు. భయపడి డబ్బాను ఉన్నపళంగా పారేయమని కూడా చెప్పకు. మేము చెప్పకుండా ఆపే ఇక్కడికి వచ్చాం. అందరికీ చెప్పావని బావగారి చేత నాకు ఫోన్ చేయించు. నీ మాట నేను నమ్మను.

ఇక నెలాఖరు ఆదివారం మాదాపూర్‌లో మీ కంపెనీ సభ సంగతి. "మరిదిగారిని తీసుకురా, వేదిక మీద కూర్చోబెడతాను, మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో జనానికి తెలియాలి," అన్నావు. ఆ మాట విన్నప్పుడు ఫోన్ పెట్టేశాను. అడిగిన దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఆయన్ని తీసుకొస్తాను.

మాటలు నేర్పే అమ్మాయి వారానికి మూడు రోజులు ఇంటికి వస్తున్నది. ఏ మాటలతో మొదలుపెడదాం సార్ అని ఆ పిల్ల అడిగింది. నీళ్లు, అన్నం, పాప పేరు అంటారనుకున్నాను. ఆయన ఎడమ చేత్తో పలక మీద వంకరటింకరగా రెండు వాక్యాలు రాసి చూపించారు. "వదిన ఇచ్చింది మింగాను. డాక్టరుకు చెప్పలేదు." పది రోజులుగా ఆ రెండు వాక్యాలే పలుకుతున్నారు. "డాక్టరు" దగ్గర నాలుక మెలిపడుతుంది, చెమటలు పడతాయి, కళ్లు మూసుకుని మళ్లీ మొదలుపెడతారు. నిన్న మొదటిసారి చివరిదాకా వచ్చాయి. చాలాసేపు పట్టింది. మీ సభలో ఎంతసేపు పట్టినా ఎవరూ చప్పట్లు కొట్టి ఆపకూడదు.

బావగారికి నా నమస్కారాలు. అత్తయ్యగారి కాళ్లకు నా బదులు దణ్ణం పెట్టు. చిన్నదాన్ని కాబట్టి నీ దీవెనలు అడగాలి, అడుగుతున్నాను, కానీ నాకు కాదు, ఆయనకు ఇవ్వు. ఆ ఆదివారం పెందలాడే వచ్చి ముందు వరుసలో కాదు, వేదిక మీద ఆయన పక్కనే నిలబడు. మైకు నువ్వే పట్టుకోవాలి. ఆయన కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుజాత